జువ్వి చెట్టుకు గుడ్డ సంచి

గుంటూరు, బ్రాడీపేట

గుంటూరు నుంచి నిండు పచ్చడి సీసాలతో తిరిగొచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. ఖాళీ సీసాలు మోసుకుని గుంటూరు వెళ్లినవాణ్ని నేనొక్కణ్నే అయ్యుంటాను. ఫిబ్రవరిలో ఒక ఉదయం రైలు దిగి, బ్రాడీపేటలో ఒక టిఫిన్ హోటల్లో కూర్చున్నాను. భుజానికున్న గుడ్డ సంచి బల్ల మీద పెట్టగానే లోపలి గాజు సీసాలు గలగలమన్నాయి.

ఎదురుగా ఇడ్లీ తింటున్న పెద్దమనిషి మిర్చి యార్డులో గుమస్తాగా చేస్తాడట. సంచి వంక చూసి నవ్వాడు.

"పచ్చడికాండీ? ఆవకాయ కాలం ఇంకా రాలేదు. ఇప్పుడైతే పండుమిర్చి బాగుంటది."

"పచ్చడికి కాదండీ. గేదె మాయ కోసం."

ఇడ్లీ తుంచబోయిన ఆయన చెయ్యి ఆగిపోయింది. "ఈనినప్పుడు పడే మాయా?"

"అదేనండీ."

"పొద్దున్నే అడక్కుండా ఉండాల్సింది," అని ఆయన నీళ్లు తాగాడు. కానీ గుంటూరు మనిషి కదా, అడగకుండా ఉండలేకపోయాడు. "ఎందుకండీ అది?"

అడగడమే ఆలస్యం, చెప్పేశాను. నేను విజయనగరంలో ఒక డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను. మా విభాగంలో కొత్తగా చేరిన అమ్మాయి ఒకామె మైక్రోప్లాస్టిక్ మీద పనిచేస్తోంది. ప్లాస్టిక్ ఎండకీ రాపిడికీ చితికి, కంటికి ఆనని తునకలవుతుంది. ఆ తునకలు మనుషుల రక్తంలో, తల్లి మాయలో, మగవాళ్ల బీజాల్లో కూడా కనిపించాయని పరిశోధకులు చెబుతున్నారు. మిరప చేలల్లో ప్లాస్టిక్ షీటు పరిచే ఈ మైదానంలో బతికే పశువుల మాయలో ఏముందో చూడాలని ఆ అమ్మాయి కోరిక. సీసాలు తనే కడిగి, మూతుల కింద అల్యూమినియం రేకు చుట్టి, నాకు పదే పదే చెప్పింది: "సార్, ప్లాస్టిక్ ఏదీ తగలకూడదు. కవరు, గ్లౌజు, డబ్బా, ఏదీ. తగిలిందంటే ఆ ముక్క ఇక పనికిరాదు."

ఇదంతా విన్న గుమస్తా గారు వేడి సాంబారు కవర్లలోకి పోసి ముడులేస్తున్న పార్సెల్ కౌంటరు వంక చూశాడు. కోచింగ్ సెంటర్ల పిల్లలు ఆ కవర్లు వేలికి తగిలించుకుని స్కూటర్లెక్కి పోతున్నారు. "మా ఇంటికి రోజూ అదే వెళ్తదండీ," అన్నాడు. మిగిలిన ఇడ్లీ వదిలేసి లేచాడు.

పాపం, ఆయన ఇడ్లీ పాడుచేశానని నాకప్పుడు అనిపించలేదు. పాఠం బాగా చెప్పానని అనిపించింది. నాకు తెలిసింది ఎదుటివాడి నెత్తిన కుమ్మరించి, వాడి మొహం వంక చూడకుండా పోవడం నా అలవాటు. తరగతి గదిలో గంట కొట్టి నన్ను ఆపుతారు. బయట గంట ఉండదు.

ఆ హోటల్లో ఇడ్లీ మీద కారప్పొడి చల్లి, దాని మీద నెయ్యి పోస్తారు. మా వైపు కారం పక్కన పెట్టుకుంటాం. ఇక్కడ కారమే ముందు, తక్కినవన్నీ దాని పక్కన. నాకు కళ్ల వెంట నీళ్లొచ్చాయి. కాఫీ పదిహేను రూపాయలు, ఆ కన్నీళ్లు ఊరికే.

సత్తెనపల్లి దాటాక

నన్ను తీసుకెళ్లడానికి మస్తాన్ వచ్చాడు. సత్తెనపల్లి చుట్టుపక్కల ఊళ్లలో గేదె ఎదకొస్తే ముందు మోగేది మస్తాన్ ఫోనే. మోటారు సైకిలు వెనక చలువ డబ్బా కట్టుకుని, ఊరూరా తిరిగి గేదెలకు చూడి సూదులు వేస్తాడు. నా పాత విద్యార్థి ఒకతను పరిచయం చేశాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. నవ్వకుండా నవ్విస్తాడు.

దారిలో ఫోను మోగింది. బండి ఆపకుండానే, చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, బజారంతా వినేట్టు అరిచాడు. "ఎప్పట్నించి అరుస్తంది? తీగలేసిందా? తెల్లగా ఉందా? ఒరేయ్, రాత్రే ఫోన్ చెయ్యొచ్చుగా, ఇప్పుడు చల్లారిపోయాక నన్ను పిలిస్తే నేనేం చేసేది?"

పక్కనే ఆటోలో పోతున్న ఆడవాళ్లలో ఒకామె, "ఏం మస్తానూ, ఎవరి గేదె?" అంది. మా ఊళ్లో ఇలాంటి మాట ఇంట్లో కూడా గొంతు తగ్గించి అంటాం. ఇక్కడ చూడి నిలవడం, నిలవకపోవడం ధర పెరగడం, తగ్గడం లాంటి సంగతే.

ఆ ఆటోల నిండా మిరప కోతలకు పోయే కూలీలు. చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా, తలకు తువ్వాలు. మిరప ఘాటు ఒంటికి తగలకుండా, చేలో కొమ్మలు గీరుకోకుండా అదే వాళ్ల కవచం. ఆ చొక్కాలో మనిషి లావో సన్నమో, పడుచో ముసలో ఒక పట్టాన తెలియదు. ఈ సంగతి గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేకపోయాను.

ఊరు రాకముందే రోడ్డు వారగా ఒక జువ్వి చెట్టు కనిపించింది. కొమ్మల నిండా తెల్లటి మూటలు వేలాడుతున్నాయి. దగ్గరికెళితే యూరియా సంచులు, కవర్లు.

"మాయలు సార్," అన్నాడు మస్తాన్. "గేదె ఈనాక మాయ తీసుకొచ్చి పాలు కారే చెట్టుకు కడతారు. చెట్టుకు పాలున్నట్టే గేదెకీ పాలుంటయ్యని. ఎనకటికి గడ్డిలో చుట్టేవాళ్లంట. ఇప్పుడు గడ్డి చుట్టే ఓపికెవరికి? యూరియా సంచి సుబ్బరంగా ఉంటదిగా."

మా వైపు మాయను పెంటకుప్పలో లోతుగా పాతేస్తారు, కుక్కలు లాక్కుపోకుండా. ఇక్కడ ఆకాశంలోకి ఎత్తుతారు. మాయ కోసం వచ్చిన నాకు ఆ చెట్టును చూడగానే అర్థమైంది, నేను అడగబోతున్నది చిన్న ముక్క కాదని.

ఎస్తేరమ్మ గారి చావడి

ఎస్తేరమ్మ గారికి యాభై దాటి ఉంటాయి. కొడుకు ట్రాక్టరు తోలుతూ కోతల కాలమంతా ఊళ్లు తిరుగుతాడు. ఇంట్లో ఆమె, కోడలు సువార్త, ఒక గేదె. ఇల్లు రెండు గదులు. ముందు రేకుల చావడి, అందులో గేదె. గోడ మీద సిలువ, దాని కింద పాల క్యాను.

గేదె నిండు చూడితో, నడుం పక్కలు జారి, ఈ రోజో రేపో అన్నట్టుంది. అంతకుముందు రెండుసార్లు నెలలు నిండకుండానే ఈసుకుపోయిందట. రెండోసారి పోగానే కబేళాకు అమ్మేయమని అందరూ చెప్పారు. ఎస్తేరమ్మ గారు అమ్మలేదు. ఇది ఊరి చివర కుప్ప మీద, చేలగట్ల మీద మేసే గేదె. గడ్డితో పాటు షీటు ముక్కలు నమలడం ఆమె కళ్లారా చూసింది. మా విభాగంలోని అమ్మాయికి కావలసింది సరిగ్గా ఇలాంటి గేదె మాయే.

మస్తాన్ నా తరఫున అడిగాడు. "పిన్నీ, మాయలో చారెడు ముక్క సారుకి ఇస్తావా? పరీక్షకి."

"ఏరా, నీకు బుద్ధుందా? అసలే రెండు ఈతలు పోయిన గొడ్డు. మాయ ముక్కలు చేసి పంచితే పాలెక్కడ నిలబడతయ్?"

"మీరు ప్రార్థన చేసుకునేవాళ్లు గదా పిన్నీ, నీకెందుకు ఈ చెట్ల గోల?"

"ప్రార్థన ప్రార్థనే, చెట్టు చెట్టే. నువ్వు నమాజుకి పోయి, మీ ఇంటి గేదె మాయ ఎక్కడ కట్టావో నేను చూళ్లేదా?"

మస్తాన్ నా వైపు తిరిగి, "దొరికిపోయాం సార్," అన్నాడు.

ఇంతలో కోడలు సువార్త చేను నుంచి వచ్చింది. చొక్కా విప్పకుండానే, చుట్టం వచ్చాడని బజారుకెళ్లి టీ తెచ్చింది. వేడి టీ, కవర్లో. ముడి విప్పి గ్లాసులో పోసి నాకందించింది.

నేను తీసుకోలేదు.

"ఇందులో వద్దమ్మా," అని మొదలుపెట్టాను. వేడి తగిలితే కవరు నుంచి తునకలు ఊడతాయన్నాను. అవి రక్తంలోకి, అక్కడి నుంచి మాయలోకి చేరతాయన్నాను. ఎలుకలకు తినిపించి చూస్తే మగవాటికి వీర్యకణాలు తగ్గాయి, ఆడవాటి అండాశయాలు దెబ్బతిన్నాయి, కొన్నిటికి గర్భం నిలవలేదు అన్నాను. చేతులు తిప్పుతూ, పాఠం చెప్పినట్టే. "ఈ గేదె రెండుసార్లు ఈసుకుపోయిందంటే ఎందుకు పోయిందనుకున్నారు?" అని కూడా అన్నాను. ఆ ఒక్క మాట ఇప్పటికీ నా చెవిలో నా గొంతుతోనే వినిపిస్తుంది.

సువార్త చేతిలోని గ్లాసు కింద పెట్టి లోపలికి వెళ్లింది. ఎస్తేరమ్మ గారు టీ తీసి దొడ్లో పారబోసింది. "ఎండన పడి వచ్చారు, మజ్జిగ తాగండి," అంది. గొంతులో ఇందాకటి చనువు లేదు. నాకదేమీ అర్థం కాలేదు. మజ్జిగ బాగుందన్నాను.

దర్శి వైపు

మర్నాడు దర్శి వైపు గొర్రెల మందలు చూడటానికి బయల్దేరాం. బండెక్కబోతుంటే మస్తాన్ తాళం చెయ్యి చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు.

"సార్, ఒక మాట. సువార్తకి ఆరో నెల. మీకు తెలీదేమో."

తెలియదు. చొక్కా వేసుకుని ఉంది.

"అంతకుముందు రెండు పోయినయ్. ఒకటి మూడో నెల, ఒకటి అయిదో నెల. పొద్దున పిన్ని ఫోన్ చేసింది. నిన్న రాత్రి నుంచి అన్నం తినలేదంట. ఇంట్లో ప్లాస్టిక్ బిందె, డబ్బాలు అన్నీ బయట పడేసిందంట. మిరప చేలో షీటు పీకే పనికి రెండేళ్లు పోయాను, పొయ్యిలో కవర్లేసి అంటించాను, అందుకే నా పిల్లలు పోయారు, నేనే చంపుకున్నానని ఏడుస్తంది."

నేను ఏమన్నానో చెబితే మీరు నన్ను క్షమించకపోవచ్చు. "దర్శిలో మనకోసం చూస్తుంటారు కదా, ముందు అటు వెళ్లొద్దాం," అన్నాను. పని పాడవుతుందని కాదు. ఆ అమ్మాయి మొహం చూసే ధైర్యం లేక. మస్తాన్ నన్ను ఒకసారి చూసి, బండి స్టార్ట్ చేశాడు.

దర్శి వైపు నేల ఎర్రగా, పొడిగా ఉంటుంది. పత్తి తీత అయిపోయిన చేలో ఒక మంద మేస్తోంది. ఇక్కడ రైతులు మందను పిలిచి రాత్రుళ్లు తమ చేలో ఉంచుకుంటారు, పెంట కోసం. కాపరికి ధాన్యమో డబ్బో ఇస్తారు. కాపరి పెద్దాయన మమ్మల్ని వేపచెట్టు నీడన కూర్చోబెట్టి, సజ్జ రొట్టె, పచ్చిమిరపకాయ పెట్టాడు. నేను మిరపకాయ కొరికి ఆయాసపడుతుంటే, "ఏ ఊరయ్యా నీది, పాలు తాగే ఊరా?" అన్నాడు. అది మరిచిపోయేలోగా ఒక గొర్రె వెనకనుంచి వచ్చి నా గుడ్డ సంచి పట్టీ సగం నమిలేసింది.

ఈ ఏడు గొర్రెలు చూడి కట్టడం తగ్గిందన్నాడు పెద్దాయన. ఎందుకు అని అడిగాను. ఆయన లేచి నిలబడి కర్ర చాపాడు. దూరంగా సెల్ టవరు.

"అదిగో, అది పెట్టినకాణ్నించే."

"గొర్రెల పొట్టల్లో ప్లాస్టిక్ ఏమైనా చూశావా పెద్దాయనా?"

"చూడకేం? మొన్న చచ్చినదాన్ని కోస్తే చెండంత ముద్దొచ్చింది. అది కాదయ్యా, టవరు. నేను చెప్తున్నాగా, టవరే. రాత్రిపూట ఎర్రగా మినుక్కుమంటది చూడు, అప్పుడు పోతది గర్భం."

"మా ఊళ్లో కూడా టవరుంది, మా గొర్రెలు బానే ఈనుతున్నయ్," అన్నాడు మస్తాన్.

"మీ గొర్రెలకి సిగ్గు లేదు."

మస్తాన్ నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. ఆయన కర్ర చాపిన తీరు, 'నేను చెప్తున్నాగా' అన్న గొంతు నేను ఎరిగినవే. నిన్న ఎస్తేరమ్మ గారి చావడిలో చేతులు తిప్పింది నేనే. నా దగ్గర ఎలుకలున్నాయి, ఆయన దగ్గర టవరుంది. ఎలుకల సంగతి నిజమే. కానీ ఎలుకలకు పెట్టిన మోతాదుకీ సువార్త తాగిన టీకీ మధ్య ఎంత దూరముందో, ఆమె పిల్లలు ఎందుకు పోయారో నాకెంత తెలుసో, టవరు గురించి పెద్దాయనకూ అంతే తెలుసు. ఆయన మాట వల్ల ఒక గొర్రె కూడా అన్నం మానలేదు.

ఒక సీసాలో గొర్రెల పెంట తీసుకుని, "మస్తాన్, వెనక్కి పోదాం," అన్నాను.

"ఇప్పుడు చెప్పారు మాట," అన్నాడు.

మళ్లీ ఆ చావడికి

మర్నాడు పొద్దున వెళ్లేసరికి సువార్త అరుగు మీద కూర్చుని పండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. చొక్కా లేదు. ఆరో నెల కడుపు కనిపిస్తోంది. వాకిట్లో పక్కకు తోసేసిన ప్లాస్టిక్ బిందెలు. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు.

నేను అరుగు కింద మెట్టు మీద కూర్చున్నాను. "అమ్మా, మొన్న నేను తప్పు మాట్లాడాను."

"అబద్ధం చెప్పారా?"

"అబద్ధం కాదు. సగం చెప్పాను."

"మిగతా సగం ఏంది?"

"తెలీదు అన్నదే మిగతా సగం. ఎలుకల్లో చూసింది ఎలుకల సంగతి. మనుషుల్లో ఈ తునకలు ఉన్నాయని తెలుసు. అవి గర్భాన్ని ఏం చేస్తాయో, ఎంత ఉంటే చేస్తాయో ఇంకా ఎవరికీ తేలలేదు. గర్భాలు పోవడానికి వంద కారణాలుంటాయి. నీ పిల్లలు నీవల్ల పోయారని చెప్పగలిగిన మనిషి ఎక్కడా లేడు. నేనైతే అసలే కాను."

ఆమె తొడిమలు తీస్తూనే ఉంది. "తెలీదని చెప్పటానికా సార్ దర్శి నుంచి తిరిగొచ్చారు?"

"అవునమ్మా. నిన్ననే రావాల్సింది. భయపడ్డాను."

"మీకెందుకు భయం? భయపెట్టింది మీరైతే?" అని ఆమె మొదటిసారి నా మొహంలోకి చూసింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. "సరే, టీ ఎందులో తాగమంటారో అది చెప్పండి."

"స్టీలు గ్లాసు తీసుకుపోయి పోయించుకుంటే చాలు. లేకపోతే ఇంట్లో కాచుకున్నా..."

"ఇదేనా? ఇది మొన్నే చెప్పొచ్చుగా!"

నిజమే. గ్లాసు తీసుకుపొమ్మని చెప్పడానికి నిమిషం చాలు. నేను ఆ నిమిషాన్ని వదిలేసి, అంత సేపు ఎలుకల గురించి చెప్పాను. డాక్టరమ్మ దగ్గరికి నెలనెలా వెళ్తున్నావా అని అడిగాను. వెళ్తున్నానంది. ఆమె చెప్పేది విను, నా మాట కాదు అన్నాను. లోపల నుంచి ఎస్తేరమ్మ గారు, "ఒసేయ్, నాల్గు ముద్దలు తిని అప్పుడు పోట్లాడు ఆయనతో," అని కంచం తెచ్చింది. గోంగూర పచ్చడి, పప్పు, వేడన్నం. సువార్త తింది. ఆ చప్పుడు వింటూ నేను మెట్టు మీదే కూర్చున్నాను.

పెయ్యదూడ

మధ్యాహ్నం గేదె లేవడం, పడుకోవడం మొదలుపెట్టింది. మస్తాన్ మోచేతుల దాకా కడుక్కున్నాడు. ఎస్తేరమ్మ గారు నోట్లోనే ప్రార్థన చేస్తూ గేదె నుదురు నిమిరింది. నేను ఇన్నేళ్లుగా జంతువుల గురించి చెబుతున్నాను గానీ ఈనడం ఎప్పుడూ చూడలేదు. మందు నీళ్ల సీసాల్లో తేలే పిండాలే నాకు తెలిసిన పుట్టుకలు.

సువార్త గుంజ పట్టుకుని నిలబడింది. వెళ్లి పడుకోమని అత్త అంటే కదల్లేదు. ముందు కాళ్ల గిట్టలు కనిపించాయి. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. గేదె గుడ్లు తేలేసింది. "లాగమంటావా?" అన్నాడు మస్తాన్. "తొందరపడమాక," అంది ఎస్తేరమ్మ గారు. తల వచ్చాక తక్కినదంతా ఒక్కసారిగా గడ్డి మీద జారింది. కదలిక లేదు. మస్తాన్ ముక్కులోంచి జిగురు తీసి, గడ్డితో డొక్కలు గట్టిగా రుద్దాడు. దూడ తుమ్మింది.

"పెయ్యదూడ పిన్నీ!"

ఎస్తేరమ్మ గారు చతికిలబడి ఏడ్చింది. గేదె తిరిగి దూడను నాకడం మొదలుపెట్టింది. సువార్త గుంజ వదలలేదు. మెల్లిగా నన్ను అడిగింది.

"దీని పొట్టలో ఎంత కవరుందో. అయినా నిలబడింది గదా సార్?"

ఒక్క దూడ దేనికీ రుజువు కాదు. అంతకుముందు రెండు ఎందుకు పోయాయో ఇది చెప్పదు. ఈ మాటలన్నీ నా నాలుక చివరికి వచ్చాయి. జీవితంలో మొదటిసారి వాటిని అక్కడే ఆపాను.

"నిలబడిందమ్మా," అన్నాను. అది నిజం కూడా.

సాయంత్రానికి మాయ పడింది. గేదె తినకుండా, కుక్కలు రాకుండా ఎస్తేరమ్మ గారే కాపలా కూర్చుంది. నేను దాని గురించి ఎత్తలేదు. దూడ మూతి తుడవడానికి నీళ్లు తేవడానికి వెళ్లొచ్చేసరికి ఆమె నన్ను పిలిచింది. చేతిలో చీరల షాపు కవరు. తళతళలాడుతూ ఉంది. బీరువాలో చీర కింద దాచుకున్నదట. అందులో చారెడు మాయ ముక్క, శుభ్రంగా కడిగి, పైన రెండు ముళ్లు వేసి ఉంది.

"తీసుకోండి. దేవుడు నా గొడ్డుని నిలబెట్టాడు. మీరు మాత్రం ఎందుకు ఉత్త చేతుల్తో పోవాలి? ఉన్నదాంట్లో కొత్త కవరే వేశాను."

కవరు తగిలిన ముక్క పరీక్షకు పనికిరాదు. ఆ సంగతి ఈ ఇంట్లో నేను ఎవరికీ చెప్పలేదు. ప్లాస్టిక్ గురించి భయపడాల్సినదంతా చెప్పాను గానీ, నాకు అవసరమైన ఒక్క ముక్క చెప్పలేదు. రెండు చేతులూ పట్టి తీసుకున్నాను. "చాలా మంచిదమ్మా," అన్నాను.

తక్కిన మాయను యూరియా సంచిలో వేయబోతుంటే సువార్త అడ్డుపడింది. "అత్తా, అందులో వద్దు. నాకు మనసొప్పట్లా." గడ్డి కోసం చూసింది. ఉన్న గడ్డంతా గేదె కింద పరిచేశారు. ఆమె చూపు నా గుడ్డ సంచి మీద పడింది. సీసాలు అరుగు మీదికి తీసి సంచి ఇచ్చేశాను. దాని మీద మా కాలేజీ వార్షికోత్సవం ముద్ర ఉంది. గొర్రె నమిలిన పట్టీ తెగిపోతే సువార్త పాత చీర అంచు చించి ముడేసింది.

జువ్వి చెట్టు ఎక్కింది మస్తానే. కట్టడం అయ్యాక నేను కింద నుంచి చీరల షాపు కవరు విప్పి, లోపలి ముక్క చేత్తో పైకి అందించాను. "ఇది కూడా అందులో వెయ్యి."

"అడిగిందీ మీరే, వద్దనేదీ మీరేనా?"

ఎందుకో చెప్పాను. అతను కొమ్మ మీదే కూర్చుని చేతులు దులుపుకున్నాడు. "పిన్నికి మాత్రం చెప్పమాకండి. ఆ కవరు ఆవిడ పండక్కి కూడా బయటికి తియ్యలేదు."

ఆ కవరు మడిచి జేబులో పెట్టుకున్నాను. యూరియా సంచుల మధ్య మా కాలేజీ పేరు గాలికి ఊగుతోంది. మాయ మొత్తం చెట్టుకే చేరింది. ఇక పాలు తగ్గితే నావల్ల కాదు.

పాలు తగ్గలేదు. మర్నాడు పొద్దున ఎస్తేరమ్మ గారు స్టీలు గిన్నెలో జున్ను వండింది. బెల్లం, మిరియాలు వేసి. మొదటి ముద్ద సువార్తకు, రెండోది మస్తాన్‌కు, తర్వాత నాకు. ఇరుగుపొరుగు వాళ్లకు పంచిన గిన్నెలన్నీ అడుగున గుప్పెడు బియ్యంతోనో, బెల్లం ముక్కతోనో తిరిగొచ్చాయి. పాల గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదట.

నేను బయల్దేరుతుంటే సీసాలు బరువుగా అనిపించాయి. అరుగు మీద వదిలిన ఖాళీ సీసాల నిండా పండుమిర్చి పచ్చడి. నిన్న సువార్త తొడిమలు తీసిన కాయలే.

"ఖాళీ సీసాలు పంపిస్తామా సార్?" అంది సువార్త.

విజయనగరంలో

మా విభాగంలోని అమ్మాయి ప్రయోగశాల గుమ్మంలోనే ఎదురొచ్చింది. ఒక సీసాలో గొర్రెల పెంట, మూడింట్లో పచ్చడి. జరిగిందంతా దాచకుండా చెప్పాను. ఆమె కోప్పడలేదు. "వచ్చే ఏడు నేనే వెళ్తాను సార్. మీరు మాట్లాడకుండా పక్కన నిలబడండి చాలు," అంది. ఒక పచ్చడి సీసా తీసుకుంది.

మామిడికాయల కాలంలో మస్తాన్ ఫోన్ చేశాడు. "సార్, ఆడపిల్ల! కాస్త ముందొచ్చింది గానీ గట్టిదే. అరుపు వినండి." విన్నాను. ఆ అరుపు మీదుగా ఎస్తేరమ్మ గారు ఎవరినో తిడుతోంది, వేణ్నీళ్లు ఇంకా కాగలేదని. తర్వాత సువార్త గొంతు, సన్నగా, అలిసిపోయి.

"సీసాలు ఖాళీ అయినయ్యా సార్?"

"ఎప్పుడో అయిపోయాయమ్మా."

"అయితే పిల్లని చూట్టానికి వచ్చేటప్పుడు తీసుకురండి. ఖాళీగా తేమాకండి."

ఇంట్లో చెప్పాను. మా ఆవిడ ఆ సాయంత్రమే శొంఠి, మిరియాలు దంచి, బెల్లం పాకం పట్టి, నెయ్యి పోసి బాలింత కాయం కలిపింది. చల్లారనిచ్చి, సీసాల్లోకి ఎత్తింది. మూతి మీద కడిగిన గుడ్డ ముక్క కట్టింది.

"ఈసారి వాళ్లింట్లో ఏం మాట్లాడతారు?" అని అడిగింది.

"ఏం మాట్లాడను. పిల్లనిస్తే ఎత్తుకుంటాను."